నఖ్జ్ న్యాయస్థానం - ఒక తీర్పు పరిశీలన

ఈజిప్టు దేశపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానం పేరు ‘మహ్‌కమతున్నఖ్జ్’. నఖ్జ్ అనగా భంగపరచుట. వుజూను భంగపరచే విషయాలను మనం ‘నవాఖిజె వుజూ’ అంటున్నామే, ఆ మాటకూ మూలమిదే. 1931లో కైరోలో స్థాపితమైన ఈ న్యాయస్థానం సివిలు, క్రిమినలు వ్యాజ్యాలు రెండింటిలోనూ తుది మాట చెబుతుంది. ఇది సాధారణంగా సాక్షులను మళ్ళీ పిలిచి విచారించదు. క్రింది కోర్టు చట్టాన్ని సరిగా అన్వయించినదా లేదా అని చూచి, లోపమున్న తీర్పును భంగపరచడమే దీని ముఖ్య విధి.

ఈ విధిని అది ఎలా నిర్వహించినదో 1996 ఆగస్టు 5న వెలువడిన తీర్పు వలన తెలుస్తుంది. కైరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు నస్ర్ హామిద్ అబూజైద్ తన రచనల మూలంగా ముర్తద్ అయ్యాడనీ, కావున ఆయన నికాహ్ చెల్లదనీ కొందరు న్యాయవాదులు 1993లో దావా వేశారు. వారికి ఆ దంపతులతో ఏ సంబంధమూ లేదు. ‘హిస్బా’ పేరిట, అనగా ధర్మ సంరక్షణార్థం ఎవరైనా వ్యాజ్యమాడవచ్చునన్న వాదంతో వచ్చారు. గీజా కోర్టు 1994 జనవరిలో దావాను త్రోసిపుచ్చింది. 1995 జూన్ 14న కైరో అప్పీలు కోర్టు ఆ దంపతులను వేరుచేస్తూ తీర్పు చెప్పింది. నఖ్జ్ న్యాయస్థానం దానినే ఖాయపరచింది.

ఈజిప్టు శిక్షాస్మృతిలో ఇర్తిదాద్ నేరంగా లేదు. క్రిమినలు కోర్టులో ఏ ముద్దాయి పైనా మోపలేని అభియోగం కుటుంబ వ్యాజ్యమనే ప్రక్కవాకిలి గుండా లోనికి వచ్చింది. నేరారోపణకు ఉండవలసిన రక్షణలు మాత్రం దాని వెంట రాలేదు. రెండు శాఖలకూ పెద్దదిక్కైన న్యాయస్థానమే ఈ తేడాను గుర్తించకపోతే మరెవరు గుర్తిస్తారు?

వ్రాతలో ఏమున్నదన్నది వాస్తవ విషయం. అది కుఫ్ర్ అవుతుందా అన్నది ధర్మశాస్త్ర విషయం, నఖ్జ్ పరిధిలోనిదే. చట్టంలో విధి లేనిచోట హనఫీ మజ్‌హబ్‌లోని ప్రబలమైన అభిప్రాయాన్ని పాటించాలని 1931నాటి 78వ శాసనం 280వ నిబంధన అప్పట్లో చెప్పేది. ఆ మజ్‌హబ్ ఫుఖహాలే తక్ఫీర్ విషయంలో ఎంతటి జాగ్రత్త కోరారో మదర్సా విద్యార్థులకు తెలుసు. ఒక మాటకు కుఫ్ర్ అర్థాలు అనేకమున్నా, కాదనే అర్థం ఒక్కటున్నా ముఫ్తీ ఆ ఒక్కదాని వైపే మొగ్గాలన్నారు. అబూజైద్ తాను ముస్లింనని బహిరంగంగానే ప్రకటించాడు. హనఫీ ఫిఖహ్‌ను ప్రమాణంగా తీసుకున్నవారు అందులోని కాఠిన్యాన్ని తీసుకొని జాగ్రత్తను విడిచారన్నది మా అభ్యంతరం. ఆయన సిద్ధాంతాలు ఒప్పా, తప్పా అన్నది వేరే చర్చ. దానికి జవాబు గ్రంథాలతో ఇవ్వవచ్చు, ఇచ్చినవారూ ఉన్నారు.

ఇటువంటి దావాలు ఇకపై ప్రభుత్వ ప్రాసిక్యూషన్ ద్వారానే రావాలని 1996 జనవరిలో 3వ చట్టం చేయబడింది. ముందే వేసిన దావాకు అది వర్తించదన్నది న్యాయస్థానం. అంటే ఆ తలుపును మూసింది శాసనకర్తలే గాని న్యాయమూర్తులు కారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో గీజాలో తీర్పు అమలు నిలిపివేయబడింది; అమలు ఆగినదే గాని తీర్పు భంగం కాలేదు. అప్పటికే ఆ దంపతులు హాలండులోని లైడెన్ చేరుకున్నారు. అబూజైద్ 2010 జూలై 5న కైరోలో మరణించాడు. ఇబ్తిహాల్ యూనుస్ అప్పటికీ ఆయన భార్యే.