అడవికి పోయిన యువకుడు: సాహసయాత్రా కథనాలపై ఒక పరిశీలన

దిక్కు తోచని యువకుడు ఇల్లు వదిలి అడవికో కొండకో పోతాడు. అక్కడ నానా కష్టాలూ పడి, తానెవరో తెలుసుకుని, బతుక్కి ఒక దారి వెతుక్కుని తిరిగి వస్తాడు. ఈ ఇతివృత్తం మనకు కొత్తది కాదు. పురాణాల్లో వనవాసం వుంది. పేదరాసి పెద్దమ్మ కథల్లో రాకుమారుడి దేశాటన వుంది. అయితే ఈ పాత ఇతివృత్తమే ఇవాళ ఒక విద్యావిధానంగానూ, అంతకంటే ఎక్కువగా ఒక సరుకుగానూ మారింది. యువతీయువకుల్ని పది రోజులు కొండల్లో నడిపించి, ఆత్మవిశ్వాసం అనే మందు పట్టించి పంపే సంస్థలు ప్రపంచమంతటా వున్నాయి. వాటి వెనకే పుస్తకాలూ సినిమాలూ వచ్చాయి. ఈ కథనాల్ని అభ్యుదయ పాఠకుడు ఎట్లా చదవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

మహారాష్ట్ర, కర్ణాటకలను ఆనుకుని వున్న బిచ్కుంద, జుక్కల్ ప్రాంతపు పాఠకుడికి ఇది దూరపు ప్రశ్నేమీ కాదు. 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో వున్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతోపాటే ఎక్కాడు. ఈ సంఘటన మీద రాహుల్ బోస్ దర్శకత్వంలో 2017లో 'పూర్ణ' అనే హిందీ సినిమా వచ్చింది. 2019లో అపర్ణ తోట ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మన తండా కథ ముందు హిందీకీ, తర్వాత ఇంగ్లీషుకూ పోయింది. తెలుగు కథకుడు మాత్రం ఆ వస్తువు జోలికి పోవలసినంతగా పోలేదనే చెప్పాలి.

ఇటువంటి కథనాన్ని బేరీజు వేయడానికి మూడు ప్రశ్నలు చాలు. బయలుదేరక ముందు ఆ యువకుడి స్థితి ఏమిటి? దారి పొడుగునా బరువు మోసింది ఎవరు? తిరిగి వచ్చింది ఎక్కడికి? ఈ మూడింటికీ జవాబు చెప్పే రచన వాస్తవికతకు దగ్గరగా వుంటుంది. వాటిని దాటవేసి శిఖరాన్నొక్కదాన్నే చూపించేది ఎంత ఉత్తేజం కలిగించినా భావవాదమే అవుతుంది.

ఈ కొలబద్దకు నిలిచే రచన మన భాషలోకి ఎప్పుడో వచ్చింది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'ఆరణ్యక్' సూరంపూడి సీతారామ్ అనువాదంలో 'వనవాసి'గా తెలుగు పాఠకులకు చిరపరిచితం. అందులో సత్యచరణ్ చదువుకున్న నిరుద్యోగి. కలకత్తా మెస్సులో బాకీలు కట్టలేని స్థితిలో వుండగా, బీహారు అడవుల్లో ఒక జమీను మేనేజరు ఉద్యోగం దొరుకుతుంది. అతన్ని అడవికి పంపింది ఆత్మాన్వేషణ కాదు, ఆకలి. మొదట ఆ నిర్జనత్వాన్ని భరించలేకపోతాడు. క్రమంగా అడవి అతన్ని లోబరచుకుంటుంది. కానీ అతని ఉద్యోగమేమిటి? ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు పంపకం చెయ్యడం. తనకు చూపునిచ్చిన అడవిని తన చేతులతోనే నరికించవలసి వస్తుంది. పాడుబడిన రాచకుటుంబపు సంతాలు యువతి భానుమతి, అడవిలో పూలమొక్కలు నాటుకుంటూ తిరిగే యుగళప్రసాద్, కడుపు కోసం నాట్యమాడే ధాతురియా, వీళ్లెవరూ సత్యచరణ్ వ్యక్తిత్వ వికాసానికి మెట్లుగా పనికిరారు. వాళ్ల పేదరికం వాళ్లదిగానే మిగిలిపోతుంది. అతను బాగుపడి వెళ్లిపోతాడు, అడవి మిగలదు. ఈ వైరుధ్యాన్ని రచయిత దాచిపెట్టలేదు. సౌందర్యారాధకుడనిపించుకున్న విభూతిభూషణ్ ఇక్కడ ఆర్థిక సత్యాన్ని మనమనుకున్న దానికంటే నిక్కచ్చిగా పట్టుకున్నాడు.

రెండో ఉదాహరణ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ రాసిన రచయిత ఆయన. ఈ నవలలో అడవికి పోయేవాడు యువకుడు కాదు, ముసలివాడు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ పోతాడు. అడవి అతనికి విహారస్థలం కాదు, తన జీవనాధారం చిక్కుకున్న చోటు. సాహసం అన్న మాటకు పనివాడి నిఘంటువులో వుండే అర్థం ఈ నవల చెప్తుంది. రాత్రంతా అతను చేసే పోరాటానికి పతకం లేదు, ఫొటో లేదు. సాహసయాత్రల సాహిత్యం రాయదలచిన యువరచయిత ముందు దీన్ని చదవాలి. పేదవాడు ప్రతిరోజూ చేసే పనినే కలవాడు సెలవుల్లో చేస్తే దానికి సాహసమన్న పేరొస్తుందన్న సంగతి అప్పుడు బోధపడుతుంది.

ఇక 'పూర్ణ' సినిమా. దాని మొదటి భాగం నిజాయితీగా వుంది. ఫీజు కట్టలేని పిల్లలు బడి వూడవడం, హాస్టల్‌లో అన్నం దొరుకుతుందన్న ఆశతో అక్కాచెల్లెళ్లు ఇల్లు దాటాలనుకోవడం, అక్క వరసైన ప్రియకు చిన్నతనంలోనే పెళ్లి చేసి పంపెయ్యడం, ఆపై ఆమె చావు: ఇవన్నీ మొదటి ప్రశ్నకు సూటి జవాబులు. కొండ ఎక్కకముందు ఆ పిల్ల దాటిన అసలు లోయ ఏదో ప్రేక్షకుడికి తెలుస్తుంది. అంతవరకు సినిమాను మెచ్చుకోవాలి.

రెండో ప్రశ్న దగ్గర సినిమా తడబడింది. గురుకులాల కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ప్రవీణ్ కుమార్ పాత్ర కథలో వుండవలసిందే, ఆయన కృషి కాదనలేనిది. కానీ ఒక మంచి అధికారి వచ్చి వ్యవస్థను చక్కదిద్దుతాడన్న సూత్రం కథను మింగేసింది. 1971లో సర్వేలులో తొలి గురుకులం మొదలైన నాటినుంచి సాగిన చరిత్ర, హాస్టళ్లలో తిండి కోసం, పుస్తకాల కోసం దళిత, గిరిజన విద్యార్థులు చేసిన ఆందోళనలు తెరమీదికి రావు. వచ్చివుంటే అధికారి పాత్ర చిన్నదయ్యేది కాదు, దానికొక చారిత్రక భూమిక దొరికేది. కొండమీద బరువు మోసేవాళ్ల సంగతీ అంతే. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున, ఖుంబు దగ్గర మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. పూర్ణ, ఆనంద్ ఎక్కింది టిబెట్ వైపునుంచి. కానీ ఆ రుతువులో ఆ కొండమీద చచ్చిపోయింది బరువులు మోసే కూలీలు. కూలీనాలీ చేసుకునే ఇంటినుంచి వచ్చిన బాలిక, మరో దేశపు కూలివాడి వీపును చూసినప్పుడు ఆమెకేమనిపించి వుంటుంది? గొప్ప కళాకారుడు ఆగవలసిన చోటు అది. సినిమా అక్కడ ఆగలేదు. షెర్పాలు పాత్రలుగా నిలబడలేదు.

సాహసశిక్షణ అనే భావానికీ ఇటువంటి చరిత్రే వుంది. కుర్ట్ హాన్, లారెన్స్ హోల్ట్ కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో 'ఔట్‌వర్డ్ బౌండ్' బడి పెట్టారు. యుద్ధంలో మునిగిన ఓడల నుంచి బయటపడ్డ యువ నావికులు పడవల్లో తట్టుకోలేక చనిపోతున్నారన్న ఆందోళన దాని పుట్టుకకు ఒక కారణం. అంటే అది పనివాడి ప్రాణానికి సంబంధించిన చదువు. తర్వాతి కాలంలో ఆ పద్ధతే కంపెనీ ఉద్యోగుల నాయకత్వ శిక్షణలోకీ పాకింది. శ్రమలోంచి పుట్టింది మార్కెట్లోకి పోయినప్పుడు జరిగే మార్పు ఇదే. దిక్కులేకపోవడం సమాజపు జబ్బు కాకుండా యువకుడి మనసులోని లోపమైపోతుంది. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రాసి, ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో అది రద్దయిందని విన్న తెలంగాణ యువకుడికి కావలసింది కొండ ఎక్కించి ధైర్యం చెప్పడమా? అతనికి దిశ తెలుసు. దారిని మూసేసింది వేరేవాళ్లు.

అయితే దీన్నిబట్టి పూర్ణ విజయాన్ని ప్రభుత్వ ప్రచారమని కొట్టిపారెయ్యడం పెడవాదం. ఎవరెస్టు చాలాకాలంగా డబ్బున్నవాడి కొండ. అక్కడికి ఒక లంబాడా పిల్ల, ఒక దళిత కుర్రవాడు చేరడం గుత్తాధిపత్యాన్ని కొంతైనా బద్దలుకొట్టడమే. సంచారాన్ని అభ్యుదయ సంప్రదాయం ఏనాడూ నిరసించలేదు. 'ఘుమక్కడ్ శాస్త్ర'లో రాహుల్ సాంకృత్యాయన్ యువకులనే కాదు, యువతులను కూడా ఇల్లు కదలమన్నాడు. టిబెట్ దాకా తిరిగిన ఆ మనిషే బీహారు రైతాంగ పోరాటంలో జైలుకు పోయాడు. యాత్ర ఆయనను జనంలోకి తెచ్చింది.

మూడో ప్రశ్న మిగిలింది: తిరిగి వచ్చింది ఎక్కడికి? పూర్ణ ఆగలేదు, 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. కానీ భువనగిరి రాళ్లమీద శిక్షణ మొదలుపెట్టిన గురుకుల విద్యార్థులు నూరుమందికి పైగా వుంటే, ఎవరెస్టుకు పోయింది ఇద్దరు. మిగిలినవాళ్లు ఏ తండాకు, ఏ వాడకు తిరిగివెళ్లారు? తాడు పట్టుకుని రాయి ఎక్కిన చెయ్యి ఆ తర్వాత ఏ పని పట్టింది? ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు, రాయిమీద పోయిన భయం ఇంటిదగ్గర కూడా పోయిందా? సినిమాకు శిఖరం చాలు. కథకు, నవలకు కావలసింది ఆ నూరుమంది. వస్తువు అక్కడుంది, వైరుధ్యం అక్కడుంది.

మా ప్రాంతపు యువకుడి సంచారం ఇవాళ్టికీ ముఖ్యంగా ముంబయికీ, గల్ఫ్ దేశాలకూ సాగుతున్నది. అదీ ఎడారి ప్రయాణమే. ఎవరూ దాన్ని సాహసయాత్ర అనరు, శవపేటికలో తిరిగి వచ్చినా అనరు. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసిన ఈ సరిహద్దు మాటలో, మంజీర ఒడ్డున పెరిగిన రచయితలు ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి రాయాలి: గురుకులం నుంచి కొండకు పోయిన చెల్లెలు, తండానుంచి దుబాయి పోయిన అన్న. ఒకే ఇంట్లోంచి బయలుదేరిన ఆ ఇద్దరికీ ఎవరు టిక్కెట్టు కొన్నారో, ఎవరు అప్పు తీర్చారో, తిరిగి వచ్చాక ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో రాసినప్పుడు మన సాహిత్యం ఈ వస్తువుకు న్యాయం చేసినట్టవుతుంది.