రహీం సాబ్ పనితనం

ఒత్తిడి ఎక్కువగా ఉండే ఫుట్‌బాల్ క్లబ్బును నడిపేవారికి అన్నిటికన్నా ముందు కావలసింది ఆటగాణ్ణి చదవగల చూపు. అందుకు పెద్ద సాక్ష్యం మన హైదరాబాదులోనే ఉంది. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. భారత జట్టు శిక్షకుడిగా ఉన్న రహీం ఆయన్ను పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ సెమీఫైనల్లో, ఫైనల్లో కూడా గోల్ చేశారు. ప్రేక్షకుల వ్యతిరేకత నడుమ భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది.

చునీ గోస్వామి, పీకే బెనర్జీ, తులసీదాస్ బలరాం లాంటి ఆటగాళ్లుంటే ఎవరైనా గెలుస్తారని కొందరు అనవచ్చు. కానీ రహీం శిక్షణలోని భారత జట్టే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో భారత్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికి చేరింది. ఓటమి నుంచి నేర్చుకుని జట్టును మళ్లీ కట్టే ఓపిక లేకుండా ప్రతిభ ఒక్కటే ఈ మార్పు తేలేదు. ఈనాటి క్లబ్బుల్లో డబ్బు, గణాంకాలు పెరిగాయన్నదీ నిజమే. అయితే ఆటగాడు ఎంత దూరం పరుగెత్తాడో అంకెలు చెబుతాయి గానీ, దిగులుపడ్డవాడితో ఏం మాట్లాడాలో చెప్పవు. తిరుపతి, చిత్తూరు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు చేసే పని కూడా రహీం పనిలాగే ఆటగాణ్ణి చదివే కోవదే. వాళ్లకు మైదానం, సమయం, గౌరవం ఇవ్వడం మన బాధ్యత.