పరిణామ సంభాషణములందలి కారకదోషములు

దైవమును గూర్చియు, జీవపరిణామమును గూర్చియు జరుగు వాదములు పండితసభలందుకంటె రచ్చబండలకడను, రైలుబండ్లలోను, ఉపాధ్యాయుల విశ్రాంతిగదులలోను మిక్కిలిగా వినఁబడుచుండును. "కోఁతినుండి మనుష్యుఁడు పుట్టెనేని కోఁతులు నేఁటికి నేల యున్నవి?" యని యొకఁ డడుగును. "అది వట్టి సిద్ధాంతమే కదా" యని వేఱొకఁడు తేల్చివేయును. "మీరు దేవుని నమ్ముదురా, పరిణామమును నమ్ముదురా?" యని మూఁడవవాఁడు నిలదీయును. ఈ వాక్యములు మూఁడును నర్థవిచారమునకు ముందు శబ్దవిచారము నపేక్షించుచున్నవి. ఈ కలహమునఁ బెద్దభాగము శాస్త్రమువలనఁ గాక విభక్తులవలనను, ధాతువులవలనను బుట్టినదని చూపుటయే యీ విమర్శకుఁ బ్రయోజనము.

మొదటి వాక్యమునందలి దోషము పంచమియందున్నది. పాణిని యపాదానమును బలువిధములుగ విధించెను. ఎడఁబాటునందు స్థిరముగ నిలుచునది యొకటి. పుట్టుదానికిఁ బ్రకృతియైనది వేఱొకటి. "ఊరినుండి వచ్చెను" అనఁగా నూరు మిగిలియేయుండును. "మంటినుండి కుండ పుట్టెను" అనఁగా నా మన్ను కుండయై పోవును, వేఱుగ మిగులదు. "కోఁతు లేల యున్నవి?" యని యడుగువాని మనస్సున నున్నది యీ మంటికుండల పంచమి. శాస్త్రము చెప్పునది యది కాదు. నేఁటి కోఁతి నేఁటి మనుష్యునికిఁ బ్రకృతి గాదు, జ్ఞాతి. చింపాంజీలకును మనుష్యులకును సామాన్యమైన పూర్వజాతి సుమారు 60, 70 లక్షల యేండ్లకు ముం దుండెనని శాస్త్రజ్ఞుల గణన. ఒక తాతకుఁ గల యిద్దఱు మనుమలలో నొకఁడు బ్రదికియుండుట రెండవవాని పుట్టుక కెట్లు బాధక మగును?

భాషాశాస్త్రము నెఱిఁగినవారి కీ న్యాయము క్రొత్తది గాదు. 1816లో మద్రాసున వెలువడిన కేంబెల్ దొర తెలుఁగు వ్యాకరణమునకుఁ జేర్చిన పీఠికావ్యాసమున ఎల్లిస్ దొర, తెలుఁగు సంస్కృతమునుండి పుట్టినది గాదనియు, తమిళ కర్ణాటకములతోఁ గూడి యొక్క కుటుంబమునకుఁ జెందినదనియు నిరూపించెను. ఇది డార్విన్ 'జాతుల యుత్పత్తి'ని బ్రకటించిన 1859 సంవత్సరమునకు 43 ఏండ్లు ముందు. డార్విన్ సయితము తన గ్రంథమున జీవుల వంశక్రమమును దెలుపుటకు భాషల వంశక్రమమునే దృష్టాంతముగఁ గొనెను. తెలుఁగు పుట్టియుండఁగా గోండి యింకను నేల యున్నదని యే పండితుఁడును నడుగఁడు. అవి రెండును నొక్క మూలముయొక్క శాఖ లగుటయే యందులకుఁ గారణము.

ఇఁక 'పరిణామ'శబ్దము. సాంఖ్యులకుఁ బాలు పెరుఁగగుట పరిణామము. అందు మాఱు వస్తు వొక్కటియే. కార్యము కారణమున ముందే యడఁగియుండును. డార్విన్ మతమున నొక్క ప్రాణియు మఱియొకటిగ మాఱదు. ముందే యడఁగియున్న రూపమును లేదు. మాఱునది సంతతి పరంపరయందలి పాళ్లు. ఈ భేదము నెఱుఁగనివాఁడే "కోఁతి మనుష్యుఁ డగుట నెవఁడైనఁ జూచెనా?" యని ప్రశ్నించును. ఇంగ్లీషు పదమునకును మూలార్థము చుట్టను విప్పుట యగుటచే దాని కీ దోషమే కలదు. 1859 నాఁటి మొదటి ముద్రణమున డార్విన్ ఆ నామపదమును వాడలేదు. గ్రంథాంతమునఁ దద్ధాతుజమైన క్రియారూప మొక్కటి మాత్రము కలదు.

నిత్యజీవనమున నీ దోషమునకుఁ బ్రత్తిచేను చాలిన నిదర్శనము. మన దేశమున 2002లో అనుమతింపఁబడిన బి.టి. ప్రత్తి గులాబిరంగు పురుగును జంపుచుండెను. 2010 నాఁటికి గుజరాతునఁ దద్విషమును దట్టుకొను పురుగులు బయలుపడెను. పిదపఁ దెలుఁగునాఁటి చేలను నవి పీడించెను. "పురుగు మందున కలవాటు పడినది" యని రైతు లందురు. పలుకు సహజమే కాని కర్త తప్పినది. అలవాటు పడిన పురుగు లేదు. చావవలసినవి చచ్చెను, పుట్టుకచేతనే చావని కొన్ని మిగిలి పిల్లలను బెట్టెను, చేనంతయు వాని సంతతియే యయ్యెను. పరిణామమన నింతియే. దీని నంగీకరించిన రైతు దైవమును విడువనక్కఱలేదు. మందును మాత్రము మార్చుకొనవలసియుండును.

'ప్రకృతివరణ'మను పదము మఱియొక చిక్కు. వరించుటకుఁ గర్త కావలయును. కర్తకు నిచ్ఛ కావలయును. కావుననే వినువాఁడు దైవము చేయుపని ప్రకృతి కంటఁగట్టఁబడెనని నొచ్చుకొనును. ఈ యాక్షేపము డార్విన్‌కును దగిలెను. 1861 నాఁటి మూఁడవ ముద్రణమున నతఁడు, యథాశ్రుతముగఁ గొన్నచో నాపద మసత్యమేయని యొప్పుకొని, రూపకముగఁ గ్రహింపుఁడని కోరెను. వైయాకరణుల కిది సుపరిచితము. నది గట్టు పడఁగోరుచున్నదను ప్రయోగమును భాష్యకారుఁడు చర్చించెను. గట్టునకుఁ గోరిక యున్నదని యెవ్వఁడును భ్రమపడఁడు. అన్నము తనంతఁ దానే యుడుకుచున్నదన్నచోఁ గర్మమే కర్తవలె వ్యవహరింపఁబడును. ప్రకృతివరణ మిట్టి కర్మకర్తృప్రయోగము: ఏఱువాఁడు లేఁడు, ఏఱుఁబాటు కలదు.

'సిద్ధాంత'పదమున విపరీతమే జరిగినది. పూర్వపక్షమును నిరసించి నిలిచిన నిర్ణయమే మన శాస్త్రములందు సిద్ధాంతము. "వట్టి సిద్ధాంత"మనుట "వట్టి నిర్ణయ"మనుటయే. ఊహ యని చెప్పఁదలఁచినవాఁ డూహయనియే చెప్పవలయును. అప్పు డా యూహకు సాక్ష్యములేవి యను ప్రశ్న న్యాయముగఁ బుట్టును.

కడపటిది 'నమ్ము' ధాతువు. తెలుఁగున దీనికి రెండు ప్రయోగములు కలవు. "దేవుని నమ్మెను" అనుచోట ద్వితీయతోఁ గూడి శరణుపొందుటను దెలుపును. "వాన కురిసెనని నమ్మెను" అనుచోట 'అని'తోఁ గూడి యొక విషయము సత్యమని తలఁచుటను దెలుపును. "దేవుని నమ్ముదురా, పరిణామమును నమ్ముదురా?" యను ప్రశ్న యీ రెంటి నొక్క విభక్తితో ముడివైచి, శరణ్యునికిఁ బోటీగ నొక ప్రక్రియను నిలుపుచున్నది. పరిణామమును శరణుపొందువాఁడు లేఁడు. డార్విన్ పక్షమున నిలిచి వాదించిన అమెరికా వృక్షశాస్త్రజ్ఞుఁడు ఆసా గ్రే దృఢమైన క్రైస్తవభక్తుఁడు. ఒకఁ డాస్తికుఁడును బరిణామవాదియు నగుట సాధ్యమేయని డార్విన్ 1879లో నొక లేఖయందుఁ దెలిపెను.

ఇట నొక శంక. పదములను దిద్దినంతన వివాదము తీఱునా? తీఱదు. మనుష్యుని ధర్మబుద్ధి యెట్లు కలిగెను, సృష్టికిఁ బ్రయోజన మేమి యను ప్రశ్నలు మిగులును. అవి దర్శనముల సొత్తు. వ్యాకరణము వానిని నిర్ణయింపఁజాలదు. కాని లేనివివాదమును దొలఁగించినఁగాని యున్నవివాదము కనఁబడదు. ఆ తొలఁగింపు వ్యాకరణము పనియే.

ఈ పని నేఁడు మఱింత యావశ్యకము. 2023లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞానపాఠమునుండి పరిణామభాగమును దొలఁగించెను. పండ్రెండవ తరగతి జీవశాస్త్రమునం దది నిలిచియున్నది. ఆ పుస్తకములను జదివి, పదవ తరగతితో విజ్ఞానశాస్త్రమును విడుచు బాలబాలికలకు నిఁక నీ విషయము సంభాషణములవలననే తెలియవలసియున్నది. ఆ సంభాషణముల భాషను దిద్దువాఁడు విజ్ఞానోపాధ్యాయుఁడు గాఁడు, భాషాపండితుఁడు. 'పరిణామ'పదమును బహిష్కరింప నక్కఱలేదు. యోగార్థమును మించి రూఢి నిలుచుట శబ్దములకు సహజము. "కోఁతినుండి పుట్టె"నను విద్యార్థిచే "కోఁతికి జ్ఞాతి" యనిపించుటయు, "పరిణామమును నమ్ముదురా?" యనువానిచే "పరిణామము జరిగినదని యొప్పుకొందురా?" యనిపించుటయుఁ జాలును. ఈ దిద్దుబాటు తరగతిలో నొక్కగడియ పని. అంతమాత్రమున నాస్తికునికిని భక్తునికిని నడుమఁ బొసఁగని మాటలు కొన్నియైనఁ దగ్గును.