పొగమంచు లేని కల

బందరు కోటలో ఇప్పుడు వీధి అంటూ లేదు. గార రాలిన ఇటుక గోడలు, కమానులు, పగుళ్లలో మొలిచిన మొక్కలు మిగిలాయి. 1864 నవంబరు 1న తుపానుకు సముద్రం ఊరి మీద పడి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. లేని ఆ వీధిని నేను కల్పించుకుని నూనె రంగుల్లో వేస్తున్నాను.

శిథిలం అనగానే మన చిత్రకారుల చేయి పొగమంచు వైపు పోతుంది. ఆ అలవాటుకు ఒక మూలం బందరులోనే ఉంది. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. కాగితం తడిపి, రంగు కడిగి, మళ్లీ పూస్తుంటే అంచులు కరిగిపోతాయి. పురాణ కథలకు అదెంత అందమో! కూలిన గోడకు మాత్రం అది నప్పదని నా గట్టి నమ్మకం. నన్ను భయపెట్టిన కలల్లో మసక లేదు. ఇటుక ఇటుకా కనిపిస్తుంది, మనుషులే ఉండరు.

ఆ స్పష్టత నూనె రంగుల్లో దొరుకుతుంది, ఓపిక ఉంటే. అవిసె నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. బెజవాడ వానల్లో ఆ ఆరడం మరీ ఆలస్యం. అందుకే నీడలకు ఐవరీ బ్లాక్ ముట్టను, అది ఓ పట్టాన ఆరదు. రా అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కనుక తొందరగా ఆరుతుంది. దానికి అల్ట్రామెరైన్ నీలం కలిపితే చిక్కటి నీడ వస్తుంది, అందులో పొద్దుగుంకే వేళ కూడా ఉంటుంది. గోడకు తెలుపులో కాస్త ఎల్లో ఓకర్ కలిపి మందంగా పెట్టి, సగం ఆరాక కత్తితో గీకుతాను. ఉప్పు కక్కిన గోడ నుంచి పెచ్చు లేచినట్టే లేస్తుంది.

బెల్జియం చిత్రకారుడు పాల్ డెల్వో 1944లో, బ్రస్సెల్స్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, ‘నిద్రిస్తున్న వీనస్’ వేశాడు. అందులో బాంబు లేదు, మంట లేదు. వెన్నెల్లో ఆలయాలు, నిశ్చింతగా నిద్రపోతున్న స్త్రీ, చుట్టూ అల్లాడుతున్న మనుషులు. ఆ నిశ్చింతే గుండె పట్టేస్తుంది. నా వీధిలోనూ ఉప్పెన ఉండదు, శవాలుండవు. 1977 దివిసీమ ఉప్పెన తెలిసినవాళ్లకు అల గీసి చూపించక్కర్లేదు. గోడ మీద మనిషెత్తున నీటి చార ఒక్కటి చాలు. బొమ్మలో ఆ చార వరకే వచ్చాను.