విమానం లెక్కలో గాలి

సాపేక్ష వేగాన్ని బోధించే పాఠ్యగ్రంథాలలో విమానం లెక్క ఒకటి తరచు కనిపిస్తుంది. విమానవేగం ఇస్తారు, గాలివేగం ఇస్తారు, నేలను బట్టి చూస్తే వేగం ఎంతో కనుక్కోమంటారు. లెక్కలో తప్పు లేదు. కాని దానిని చెప్పే పద్ధతివల్ల విద్యార్థి మనస్సులో రెండు అపోహలు నిలిచిపోయే అవకాశమున్నది.

పక్కగాలి విమానాన్ని దారి తప్పిస్తుందే కాని వేగాన్ని తగ్గించదనుకోవడం మొదటిది. గాలిలో గంటకు 250 కి.మీ. వేగంతో పోయే విమానం సరిగా ఉత్తరానికి పోవలెననుకొందాం. పడమటినుంచి గాలి గంటకు 70 కి.మీ. వేగంతో వీస్తున్నది. దారి తప్పకుండా ఉండాలంటే విమానం ముక్కును సుమారు 16 డిగ్రీలు పడమటికి తిప్పవలె. అప్పుడు 250 కర్ణంగా, 70 ఒక భుజంగా లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. మూడవ భుజం 240. నేలమీద లెక్కకు వచ్చే వేగం అంతే. తక్కిన 10 గాలికి చెల్లించిన సుంకం.

రెండవ అపోహ ప్రమాదకరమైనది. గాలివేగం ఎప్పుడూ ముందే తెలిసి ఉంటుందనుకోవడమే అది. 1947 ఆగస్టు 2న 'స్టార్ డస్ట్' అనే బ్రిటిష్ విమానం బ్యూనస్ ఎయిర్స్ నుంచి శాంటియాగోకు పోతున్నది. ఆండీస్ పర్వతాలు మేఘాలలో మునిగి ఉండడంచేత లెక్కే దిక్కయింది. మిక్కిలి ఎత్తున వీచే ప్రచండమైన జెట్ ప్రవాహం సంగతి నాటి వైమానికులకు అంతగా తెలియదు. ఆ ఎదురుగాలి వేగాన్ని హరించగా, పర్వతాలను దాటామనుకొని కిందికి దిగి, విమానం తుపుంగాటో పర్వతాన్ని ఢీకొన్నదని తర్వాతి దర్యాప్తు తేల్చింది. 11 మందీ మరణించారు. శకలాలు హిమానీనదంనుంచి బయటపడడానికి 50 ఏండ్లు పట్టింది. త్రిభుజం ఎంత చక్కగా గీసినా, ఒక భుజం తప్పయితే జవాబు తప్పే.

నేడు ఉపగ్రహ సంకేతాల సాయంతో పైలట్ తన వేగాన్ని నేరుగా చూడగలడు. అయినా ఇంధనం ఎంత నింపవలెనో బయలుదేరక ముందే నిర్ణయించవలె. అందుకు ముందుగా అంచనా కట్టిన గాలే ఆధారం.

కనుక ఉపాధ్యాయులు ఈ లెక్కను తిరగవేసి కూడా ఇవ్వడం మంచిది. గాలిలో గంటకు 300 కి.మీ. పోగల విమానం, తిన్నగా ఎదురుగాలిలో 100 కి.మీ. దూరాన్ని 24 నిమిషాలలో దాటింది. గాలివేగం ఎంత? జవాబు 50 అని కనుగొన్న విద్యార్థికి, గాలి ఇచ్చిన రాశి కాదనీ, కొలిచి సరిచూసుకోవలసిన రాశి అనీ అర్థమవుతుంది.