ఫ్రా ఆంజెలికో శాన్ మార్కో చిత్రాలు: విమర్శనాత్మక పరిశీలన

ఈ పాఠంతో పాటు ఇచ్చిన చిత్రాన్ని ముందుగా ఒక నిమిషం చూడండి. ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టండి.

మధ్యలో తెల్లని అంగీ ధరించిన క్రీస్తు కూర్చుని ఉన్నాడు. కళ్లకు పలుచని గుడ్డ కట్టారు. తల మీద ముళ్ల కిరీటం, చేతిలో రెల్లు కర్ర ఉన్నాయి. ఆయన చుట్టూ గాలిలో తేలుతున్నట్లు కొన్ని చేతులు, ఉమ్మివేస్తున్న ఒక తల, కొడుతున్న ఒక కర్ర కనిపిస్తాయి. ఆ చేతులకు శరీరాలు లేవు. కింద ఒక పక్కన మరియమ్మ, మరో పక్కన ఒడిలో పుస్తకంతో పునీత దొమినిక్ కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరూ తలెత్తి క్రీస్తును చూడటం లేదు. ఎందుకు? ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఇది ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో, శాన్ మార్కో మఠం ఏడో గదిలోని కుడ్యచిత్రం. 1436లో పోప్ నాలుగో యూజీన్ ఆ మఠాన్ని దొమినికన్ సన్యాసులకు అప్పగించాడు. ధనిక వ్యాపారి కోసిమో దె మెదిచి డబ్బు పెట్టాడు, మికెలొజ్జో అనే వాస్తుశిల్పి దాన్ని పునర్నిర్మించాడు. సన్యాసుల కోసం మేడమీద నలభైకి పైగా చిన్న గదులు కట్టారు. గదికి ఒక కిటికీ, దాని పక్కన ఒక చిత్రం. గోడకు పూసిన సున్నం తడి ఆరకముందే రంగులు వేసే ఫ్రెస్కో పద్ధతిలో వాటిని చిత్రించినవాడు ఫ్రా జొవాన్ని. మనం ఫ్రా ఆంజెలికో అని పిలుచుకునేది ఆయననే. ఆయన కూడా దొమినికన్ సన్యాసే. అంటే ఈ చిత్రాలను గీసినవాడూ, ఎదురుగా మోకరించినవాడూ ఒకే నియమావళి కింద బతికినవారు.

మీలో చాలామంది పరీక్షలో రాసే వాక్యం ఒకటుంది: "చిత్రకారుడు నిరాడంబర భక్తుడు, కాబట్టి చిత్రాలు నిరాడంబరంగా ఉన్నాయి." ఈ అభిప్రాయం బలపడటానికి జార్జియో వసారి చాలావరకు కారణం. 1550లో తొలిసారి అచ్చయిన చిత్రకారుల జీవితచరిత్రల్లో, ఫ్రా ఆంజెలికో ప్రార్థించకుండా కుంచె పట్టేవాడు కాదనీ, సిలువను చిత్రించేటప్పుడు కంటతడి పెట్టేవాడనీ వసారి రాశాడు. చిత్రకారుడు 1455లో రోములో మరణించాడు. వసారి పుట్టింది 1511లో. కథ అందంగానే ఉంది. కాని ఆ కన్నీటి కథతో ఏడో గది చిత్రంలోని ఒక్క గీత కూడా వివరణకు అందదు.

మళ్లీ చిత్రం దగ్గరకు వద్దాం. సువార్తల్లో క్రీస్తు కళ్లు మూసి కొట్టిన ఘట్టం ప్రధాన యాజకుని ఇంటి దగ్గర జరుగుతుంది. ముళ్ల కిరీటం, రెల్లు కర్ర ఆ తర్వాత రోమన్ సైనికులు చేసిన ఎగతాళిలో వస్తాయి. చిత్రకారుడు ఈ రెండింటినీ ఒకే చోట కలిపేశాడు. కథ చెప్పడమే ఉద్దేశమైతే ఇది పొరపాటు. ఇక్కడి ఉద్దేశం అది కాదు. గదిలో ఉన్న సన్యాసికి ఆ కథ కంఠస్థం. అతనికి కావలసింది ఆ మాటల మీద మనసు నిలిపే దారి. అందుకే సైనికుల ముఖాలు, దుస్తులు, ఆవరణ అన్నీ తొలగిపోయాయి. చేతులు మాత్రం మిగిలాయి. చదివిన వాక్యం మనసులో అలాగే కదా మిగులుతుంది: ముక్కలుగా, ఒక్కొక్క దెబ్బగా.

దొమినిక్ తలెత్తకపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తుంది. అతను చదువుతున్నాడు. పైన మనం చూస్తున్నది అతని చదువులోంచి లేచిన దృశ్యం. సన్యాసికి ఈ చిత్రం క్రీస్తును చూపడంతో పాటు క్రీస్తును ఎలా ధ్యానించాలో కూడా చూపిస్తోంది. నా దృష్టిలో దీని గొప్పతనం ఇదే.

దొమినిక్ ప్రార్థించే తొమ్మిది రీతులను వివరించే ఒక చిన్న గ్రంథం పదమూడో శతాబ్దం నుంచి ఆ సభలో ప్రచారంలో ఉంది. వంగడం, సాష్టాంగపడటం, చేతులు చాచి నిలబడటం, కూర్చుని చదవడం అందులోని కొన్ని భంగిమలు. కొత్తగా చేరిన శిక్షణార్థుల గదుల్లో సిలువ పాదం దగ్గర దొమినిక్ ఒక్కో గదిలో ఒక్కో భంగిమలో కనిపిస్తాడు. ఈ సంబంధాన్ని విలియం హుడ్ 1993లో వెలువరించిన గ్రంథంలో విపులంగా చర్చించాడు. శిక్షణార్థుల గదుల వరకు ఆ వాదన గట్టిది. మఠమంతటికీ అదే తాళంచెవి అనుకోనక్కరలేదు. ఆ రోజుల్లో మఠాధిపతిగా ఉన్న ఆంతొనినో ఫ్లోరెన్సు స్త్రీలకు కూడా ఆత్మీయ మార్గదర్శనం రాసి ఇచ్చినవాడు. సిలువ ముందు మోకరించి, ఒంటి కన్ను కంటే మనసు కన్నుతో ఎక్కువగా చూడమన్నది ఆయన సలహా. గురువు మాటతో చేసిన పనినే చిత్రకారుడు గోడ మీద చేశాడు.

మెట్లెక్కగానే ఎదురయ్యే మంగళవార్త చిత్రం కింద, ఇటు వచ్చినప్పుడు జపం చెప్పడం మరవవద్దని సన్యాసులను హెచ్చరించే లాటిన్ వాక్యం ఉంది. తెలుగు కతోలికులు ఆ ఘట్టాన్నీ ఆ జపాన్నీ 'మంగళవార్త' అనే పేరుతోనే పిలుస్తారు. ఈ చిత్రం దగ్గర ఆ రెండూ నిజంగానే ఒకటవుతాయి.

అయితే అన్నీ ఇంత పొదుపుగా లేవు. కోసిమో తన కోసం ఉంచుకున్న గదుల్లో ముగ్గురు జ్ఞానుల ఆరాధన చిత్రం ఉంది. జనం, తలపాగాలు, మెరిసే వస్త్రాలతో అది నిండుగా కనిపిస్తుంది. దేవాలయ ప్రధాన పీఠం కోసం గీసిన చిత్రం కూడా వైభవంగానే ఉంటుంది. కుంచెలు పట్టిన సహాయకులు చాలామందే ఉన్నారు కనుక ప్రతి గీతా ఆయనదే అనలేం. కాని ఆడంబరం చేతనైనవాడే సన్యాసుల గదుల్లో దాన్ని వదులుకున్నాడన్నది స్పష్టం. ఇది అమాయకత్వం కాదు, ఎంపిక.

విశ్వాసం లేని పాఠకుడు ఈ చిత్రాలను విమర్శించగలడా అని సంపర్క తరగతుల్లో తరచూ అడుగుతుంటారు. గలడు. అయితే ఈ చిత్రం ఏ పని కోసం గీసిందో తెలుసుకోవాలి. మ్యూజియంలో రెండు నిమిషాలు ఆగి వెళ్లే మనకూ, ఏళ్ల తరబడి అదే గోడ పక్కన నిద్రలేచిన మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని మీ జవాబులో దాచకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఏడో గది చిత్రంలో దొమినిక్ బొమ్మను చేతితో కప్పి మళ్లీ చూడండి. చిత్రంలో మీ స్థానం ఎలా మారిందో పది వాక్యాల్లో రాయండి. వసారి పేరు వాడకండి.