ఎవరి యెముకలు? — ‘అనిల్స్ ఘోస్ట్’ నవలావిమర్శనము

యుద్ధము ముగిసినదని ప్రభుత్వములు ప్రకటించు దినమొకటి. ఆ యుద్ధమున కానరాకపోయినవారి యిండ్లలో అది ముగియు దినము వేరొకటి. కుమారుడు చనిపోయెనో, చెరలో నున్నాడో తెలియని తల్లికి సంధిపత్రములతో పనిలేదు. ఆమె కోరు సమాచారము తరచుగా మట్టిక్రింద నుండును. ఆ మట్టిని త్రవ్వి, ఎముకలను పరీక్షించి, అవి యెవరివో తేల్చుట మన కాలమున నొక శాస్త్రమైనది. ఆ శాస్త్రమునే యితివృత్తముగా గైకొని మైకేల్ ఒండాట్జే 2000 సంవత్సరమున ప్రకటించిన ఆంగ్లనవల ‘అనిల్స్ ఘోస్ట్’. గ్రంథకర్త 1943లో కొలంబోనగరమున జన్మించి, కెనడాలో స్థిరపడినవాడు. నవల వెలువడి పావుశతాబ్దము దాటినది. ఈ నడుమ శ్రీలంకలో నిజముగా జరిగిన త్రవ్వకములు దానికొక గీటురాయిని సమకూర్చినవి. ఆ గీటురాయిపై దీనిని పరీక్షింప నెంచితిమి.

కథ క్లుప్తముగా నిది. అనిల్ తిస్సెర యను యువతి శ్రీలంకలో పుట్టి, పాశ్చాత్యదేశములలో అస్థిపరీక్షావిద్య నభ్యసించి, పదునైదేండ్ల పిదప జెనీవాలోని యొక మానవహక్కుల సంస్థ పక్షమున స్వదేశమునకు వచ్చును. ప్రభుత్వము సరత్ అను పురావస్తుశాస్త్రజ్ఞుని ఆమెకు తోడుగా నియమించును. సర్కారు అధీనమందున్న యొక ప్రాచీనస్థలమున, పాత అస్థిపంజరముల నడుమ, వారికి క్రొత్తదొకటి దొరకును. దానికి ‘సెయిలర్’, అనగా నావికుడు, అని సంకేతనామ మిడుదురు. అన్యులకు ప్రవేశములేని చోట ఇటీవలి శవమును పాతినవా రెవరు? ఈ ప్రశ్నయే నవలకు మూలము. తుదకు ఆ యెముకలకు రువన్ కుమార యను పేరు తేలును. ఆతడు మొదట కల్లుగీత కార్మికుడు; కాలు విరిగిన పిదప గ్రాఫైటుగనిలో పనివాడు. ఈ సత్యమును అధికారుల యెదుట నిలుపబూనిన అనిల్‌ను కాపాడుటకై సరత్ తన ప్రాణమునే యొడ్డును.

గ్రంథమునకు గల మొదటి గుణము, శాస్త్రమును అలంకారముగా గాక పనిగా చూపుట. మనుష్యుడు బ్రదికిన రీతి యెముకలపై వ్రాయబడి యుండుననియు, ఏ కీలు ఎట్లరిగినదో చూచి వాని వృత్తిని ఊహింపవచ్చుననియు, ఎముకల నంటిన పురుగుల కోశములును సాక్ష్యము చెప్పుననియు చదువరికి అలవోకగా బోధపడును. రెండవ గుణము ఇంతకంటె గొప్పది. ఆనందుడను నొకడు బుద్ధవిగ్రహములకు కన్నులు దిద్దు పనివాడు. ఇప్పుడు త్రాగుడుకు లోబడినవాడు. నావికుని కపాలముపై ముఖమును పునర్నిర్మింపుమని వానిని కోరుదురు. వాడు చేసిన ముఖమున అపారమైన ప్రశాంతి కనబడును. ఆ ప్రశాంతి నావికునిది కాదు. ఆనందుని భార్య సిరిస్సయు కానరాకపోయినవారిలో నొకతె. ఆమెకు ఏ శాంతి లభింపవలెనని వాడు కోరెనో, దానినే పరుని ముఖమున దిద్దెను. వెదకువాని దుఃఖము సాక్ష్యములోనికి ఎట్లు చొరబడునో యింత సూక్ష్మముగా చూపిన ఘట్టమును మేము వేరొక నవలలో చదువలేదు.

ఇక మా యాక్షేపణము. ఈ యొక్కనికి పేరు దొరకినచో పేరులేని తక్కినవారందరికిని దొరకినట్లే యను భావమును గ్రంథకర్త కథకు పునాదిగా నిలిపినాడు. న్యాయస్థానమునకిది చెల్లును. ఒక్క హత్య నిరూపింపబడినను, హత్యలే జరుగలేదని బొంకు ప్రభుత్వము దోషియగును. కాని గృహమునకిది చెల్లదు. పొరుగింటి బిడ్డ యెముకలు దొరకినవని యే తల్లియు తన బిడ్డకై వెదకుట మానదు. రువన్ కుమార పేరు తెలిసిన పిదప కథ సభామందిరమునకు, అధికారులయొద్దకు పరుగిడును. వాని యింటి గడపయొద్ద నిలువదు. పేరు కనుగొనుట యెవరికొరకో వారిని మరచి, పేరును మాత్రమే నవల పట్టుకొన్నది.

మన మహాభారతము ఈ తప్పు చేయలేదు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వమును మన గృహములందు పెక్కురు శోకకావ్యముగా మాత్రమే చదువుదురు. మాకది వెదకులాట కావ్యముగ కూడ తోచుచున్నది. మూలమున స్త్రీలు రణభూమిలో మొండెములకు శిరస్సులను చేర్చి చూచి, ఇది వానిది కాదని గ్రహించి మరల విలపింతురు. ధర్మరాజు హతుల సంఖ్యను చెప్పుటతో నాగక, కానరానివారిని వేరుగా లెక్కించి 24,165 మంది యని చెప్పును; దిక్కులేని శవములకును దహనము జరిపించును. తిలోదకములు విడుచు వేళ కుంతి కర్ణుని జన్మరహస్యమును వెల్లడించును. ఆ తల్లి యంతవరకు దాచిన మాటను అప్పుడే యేల చెప్పవలె? ఎవరికో తెలియక విడిచిన నీరు చేరదు గనుక. ప్రేతకర్మకు నామగోత్రములు వలయును. అచట ఒకనికై మరియొకడు నిలువడు; ఎవరి నీరు వారిదే.

ఆ స్త్రీలు చేతులతో చేసిన పనిని బోస్నియాలో శాస్త్రము చేసినది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సా పట్టణమున 8,000కు పైగా ముస్లిం పురుషులను, బాలురను వధించిరి. నేరమును మరుగుపరచుటకై హంతకులు కొన్ని నెలలలోనే గోతులను యంత్రములతో పెకలించి, శవములను వేరు గోతులకు తరలించిరి. అందుచే ఒక్కని యెముకలే పలుచోట్ల లభించినవి. 1996లో నెలకొల్పబడిన కానరానివారి అంతర్జాతీయ సంఘము బంధువుల రక్తములోని డీఎన్ఏను ఎముకలలోని దానితో పోల్చు పద్ధతిని 2001 నుండి అచట విరివిగా వాడి, 7,000కు దగ్గరగా పేరులు తేల్చినది. అయినను గుర్తింపుతో అంతయు ముగియలేదు. కుమారుని యెముకలు కొన్నియే దొరకినవని విన్న తల్లి, వానిని ఇప్పుడే ఖననము చేయవలెనా, తక్కినవి దొరకువరకు వేచియుండవలెనా యని తానే నిర్ణయింపవలసి వచ్చినది. ఈ ప్రశ్నకు ఒండాట్జే నవలలో చోటు లేదు.

శ్రీలంకలోనే నవలను తలక్రిందు చేసిన యుదంతమొకటి జరిగినది. 2018లో మన్నారు పట్టణమున కట్టడమునకై నేల త్రవ్వగా నొక గొయ్యి బయటపడి, అందు 300కు పైగా అస్థిపంజరములు లభించినవి. కానరానివారి తల్లులు ఆశతో కాచుకొనియుండిరి. 2019లో అమెరికాలోని ప్రయోగశాల ఆ యెముకలు 15వ శతాబ్దికిని 17వ శతాబ్దికిని నడిమివని తేల్చినది. నవలలో ప్రాచీనుల నడుమ క్రొత్త శవము దాగియుండెను. ఇచట క్రొత్తవారికై వెదకగా ప్రాచీనులు దొరకిరి. ఆ ఫలితమును పెక్కు కుటుంబములు నమ్మలేదు. నమ్మకము చచ్చినచోట ప్రయోగశాల మాట యొక్కటియే చాలదు.

చెమ్మణి కథ వేరు. అచట వందలకొలది శవములు పాతబడినవని 1998లో శిక్షపడిన సైనికుడొకడు న్యాయస్థానమున చెప్పెను. 1999 త్రవ్వకములో దొరకినవి 15 మాత్రమే. 2025లో ఆ ప్రాంతమున మరల త్రవ్వగా 200కు పైగా అస్థిపంజరములు, అందు బిడ్డలవియు, బయటపడినవి. వానితో దొరకిన బడిసంచి, ఆటబొమ్మ, వస్త్రములు మున్నగువానిని ఆ యాగస్టున ప్రజలయెదుట నుంచి, గుర్తింపుడని కోరిరి. అచటికి వచ్చిన తల్లి చూచునది ‘అందరి’ సంచిని కాదు.

ఈ యిండ్ల చిక్కును చట్టమును గుర్తింపవలసి వచ్చినది. మరణపత్రము పుచ్చుకొన్నచో ఆస్తి వ్యవహారము సాగును. కాని చేవ్రాలు చేసినచో భర్త చచ్చెనని తానే ఒప్పుకొన్నట్లగునని భార్యలు జంకిరి. అందుచే 2016లో శ్రీలంక శాసనసభ ‘కానరాని’ వారికి వేరొక ధ్రువపత్రము నేర్పరచినది. మన ధర్మశాస్త్రములు పండ్రెండేండ్లు వేచి పాలాశపర్ణములతో ప్రతికృతి చేసి దహింపుమన్నవి. రెండును అవసరమునకు పుట్టినవే. రెండును నిజమైన యెముకలకు బదులు కావు.

నవల నవలయే గాని నివేదిక కాదని కొందరనవచ్చును. అంగీకరించితిమి. మేము కోరునది అంకెలు కావు. నవల తుదిని ఆనందుడు పగిలిన బుద్ధవిగ్రహమును ముక్కముక్కగా జతపరచును. క్రొత్త విగ్రహమునకు కన్నులు దిద్దును. ఆ వర్ణన మనోహరము. మనోహరమగుటయే మాకు శంక గలిగించుచున్నది. రాతిముక్కలు కూడినవని ఎముకలు కూడినట్లు మనస్సు తృప్తిపడును. ఆ తృప్తి చదువరికి సులభము; 2017 ఫిబ్రవరి నుండి కిళినొచ్చిలో బాటప్రక్కన నిరసనకు కూర్చున్న తల్లులకు అది లభింపలేదు.

అయినను ఈ గ్రంథము చదువదగినది. చదివినవారు వెంటనే స్త్రీపర్వమును తెరచి, రణభూమిలో శిరస్సును చేతబట్టి ఇది వానిది కాదన్న స్త్రీని చూతురుగాక. ఆమెకు సమాధానము చెప్పగల నవల కొరకు మేము ఇంకను ఎదురుచూచుచున్నాము.